పచ్చి గోడ మీద చిలకలు

పెడన,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నమస్కరించి రజని రాసేది. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లలిద్దరూ బాగానే ఉన్నాం. నాన్న కూడా బాగున్నాడు, ఆయన దగ్గు ఆయనకంటే బాగుంది. సూరత్‌లో నువ్వూ, తమ్ముడు ఆనందూ, మరదలూ, పొత్తిళ్లలో ఉన్న చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. చంటిదాని ఫోటో ఆనంద్ పంపాడు. ముక్కు అచ్చం నీదే, పాపం.

నీ ఉత్తరం రెండు వారాల కిందట అందింది. పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి, "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసుకునేవాళ్లు మీ తల్లీకూతుళ్లేనమ్మా" అని నవ్వాడు. ఏం చేస్తాం చెప్పు? నేను ఫోన్లో అరిస్తే ఈ వీధంతా వింటుంది, నీకొక్కదానికే వినపడదు. చెవి మిషను పెట్టుకోమంటే చెవిలో చీమ దూరినట్టుంది అంటావు. అయినా నాకు ఇదే బాగుంది. మధ్యలో నువ్వు అడ్డం రాకుండా చెప్పదలుచుకున్నదంతా చెప్పొచ్చు. ఈసారి చెప్పాల్సింది కొంచెం ఎక్కువే ఉంది. అందులో ఒక సంగతికి నువ్వు తప్పకుండా తిడతావు. పూర్తిగా చదివాకే తిట్టు.

ముందు నువ్వు అడిగినవి. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. మింగేదాకా నేను ఎదురుగానే నిలబడుతున్నాను, పోలీసు నయం అంటున్నాడు. కంట్లో శుక్లం తీయించుకోమంటే "చలికాలం వెళ్లనీ" అంటాడు. ఆ చలికాలం ఇంకా రానేలేదు. ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ మార్చాను, బూజు పట్టలేదు. మూత మీద నువ్వు బరువుకి పెట్టే, నాన్న చీరలకి అద్దే చెక్క అచ్చు తీసేసి నాపరాయి ముక్క పెట్టాను. ఎందుకు తీశానో కిందకి వస్తే నీకే తెలుస్తుంది.

"పాడుబడ్డ కొంపలెంట ఆ తిరుగుడేమిటి, అందులో ఏం మూటలు దాచారు" అని అడిగావు. మూటలేం లేవమ్మా. స్టూడియోలో వారమంతా ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు. "గడ్డం కాస్త కిందికి, కళ్లు ఇటు" అని ఒకటే పాట. ఆదివారం వచ్చేసరికి, కదలకుండా, నవ్వకుండా, నేను లావుగా పడ్డాను మళ్లీ తియ్యమని అడక్కుండా ఉండేదేదైనా కావాలనిపిస్తుంది. బందరు ఫర్జానా నీకు తెలుసుగా, హైస్కూల్లో సోషల్ టీచరు, బడి గ్రూపు ఫోటోల పని మనకిప్పించిన పిల్ల. దానికీ ఇదే పిచ్చి. నా స్కూటీ మీద ఇద్దరం బయల్దేరతాం. నేను ఫోటోలు తీస్తుంటే అది గోడల్ని ప్రశ్నలడుగుతుంది. ఈ కిటికీ ఎందుకు మూశారు? ఈ మెట్లు ఎక్కడికి పోయేవి? ఈ కొక్కేనికి ఏం వేలాడదీసేవాళ్లు? జవాబు దొరికేదాకా ఇంటికి రానివ్వదు.

పోయిన నెల నాగాయలంక అవతల, ఎప్పుడో కాలవల ఇంజనీర్లు దిగిన బంగళా ఒకటి చూసొచ్చాం. పైకప్పు సగం లేదు. లోపలి గదిలో తెల్లటి పింగాణీ స్నానాల తొట్టి, ఆ తొట్టిలో మేకపిల్ల ఒకటి కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. ఎంత దర్జాగా ఉందంటే, చెప్పకుండా లోపలికొచ్చినందుకు నాకే సిగ్గేసింది. మేక తాలూకు ఆసామి వచ్చి, "దాన్ని లేపకండమ్మా, ఇక్కడ తప్ప ఎక్కడా పడుకోదు" అన్నాడు. పాము కనపడలేదు గానీ కుబుసం కనపడింది. ఫర్జానా దాన్ని జానలతో కొలుస్తుంటే నేను బయటికొచ్చేశాను. నీ భయం కొంత నాకూ వచ్చిందిలే.

ఇక ఆసుపత్రి సంగతి. అన్నిటికీ నాలుగేసి వాక్యాలు రాసిన దానివి, దీని దగ్గరికొచ్చేసరికి ముక్తసరిగా తేల్చేశావు. "ఆ గోడ ఫోటో చించెయ్యి. మీ నాన్నకి చూపించొద్దు. ఆ పిల్ల ఊసు ఆయన దగ్గర ఎత్తొద్దు, నా దగ్గరా ఎత్తొద్దు" అన్నావు. కలం ఎంత గట్టిగా నొక్కావో, కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగులుతోంది.

నేను నిన్నడిగింది ఒక చిలక గురించి అమ్మా. పాత ఆసుపత్రి గోడ మీద ఇలాంటి గుర్తు కనపడింది, ఫోటో తీశాను, ఇది మన అచ్చులా ఉందే, నీకేమైనా తెలుసా అని రాశాను. అంతే. పిల్ల మాట నేను ఎత్తనేలేదు. నువ్వే ఎత్తావు. నాకు అక్క ఒకతె ఉండేదనీ, పేరు మాధవీలత అనీ, గుండె జబ్బుతో పోయిందనీ, అప్పటికి నేను పొత్తిళ్లలో ఉన్నాననీ పెద్దమ్మ ఒకసారి చెవిలో చెప్పింది. ఏ ఊళ్లో పోయిందో పెద్దమ్మా చెప్పలేదు. మన ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. ఊరందరి ఫోటోలూ తీసే నా దగ్గర మా అక్క ఫోటో ఒక్కటి కూడా లేదు. అసలు తీయించనే లేదట. నీ మూడు ముక్కలూ చదివాక ఆ గోడ నన్ను నిద్రపోనిస్తుందా చెప్పు?

మొదట్లో నీకు సరిగా రాయలేదు, ఇప్పుడు వివరంగా చెప్తాను. గుడివాడ నుంచి బంటుమిల్లి వైపు వస్తుంటే కాలవ గట్టున ఉంటుంది ఆ మిషన్ ఆసుపత్రి. మూతపడి చాలా ఏళ్లయింది. ఎవరో కొనుక్కున్నారు, రొయ్యల మేతకి గోడౌన్ కడతారట. కాపలాకి యలమంద అనే పెద్దాయన ఉన్నాడు. "లోపలికెళ్తే ఎళ్లండి గానీ ముందు నాకో ఫోటో తియ్యాల, గేటు కనపడాల" అన్నాడు. తీశాను. మీసం దువ్వుకోవడానికే చాలాసేపు పట్టింది.

లోపల ఎంత బాగుంటుందనుకున్నావు! పొడుగాటి వరండా, పెంకుల కప్పు, కిందంతా ఎర్రటి గచ్చు. మందులిచ్చే కిటికీలో తేనెపట్టు పెట్టింది. కళ్ల పరీక్ష గదిలో తెలుగు అక్షరాల బోర్డు ఇంకా వేలాడుతోంది, పై వరసలో పెద్ద 'క', అడుగు వరసలో ఉన్నవి చెదలు తినేశాయి. పసిపిల్లల్ని తూచే కొక్కేనికి పిచిక గూడు కట్టుకుంది. ఫర్జానా అన్నిటికీ ప్రశ్నలు వేస్తూనే ఉంది. చివరన తూర్పు వైపు పిల్లల వార్డు. మంచాలు లేవు, వాటి నంబర్లు మాత్రం గోడ మీద ఉన్నాయి. గోడకి నడుం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు. అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

పొద్దున్నే వెళ్లడం మంచిదయింది. ఎదురుగా పడే వెలుగులో గోడ బల్లపరుపుగానే కనపడుతుంది. అదే వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడితే, చిన్న గుంట కూడా నీడ వేస్తుంది. కిటికీలోంచి అలా పడింది ఎండ. పెచ్చులూడిన చోట నేను కెమెరాలో చూస్తుంటే, ఒక చిలక. దాని పక్కన ఇంకో చిలక. రంగుతో వేసినవి కావు, సున్నంలోకి దిగిపోయి ఉన్నాయి. వరసగా కిటికీ దాకా. గోడ మీద బొమ్మలు ఎవరైనా మనిషి నిలబడి చూసే ఎత్తులో వేస్తారు కదా, ఇవి మోకాలికి కొంచెం పైన ఉన్నాయి. మంచం మీద పడుకున్న పిల్ల తల పక్కకి తిప్పితే సరిగ్గా కళ్లకెదురుగా వచ్చే ఎత్తు. ప్రతి చిలకకీ తోకలో ఒక ఈక లేదు. ఆ విరిగిన ఈకని ఎక్కడో చూశాను, ఎక్కడ చూశానో ఎంతకీ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి, రాత్రి నాన్నకి అన్నంలోకి ఆవకాయ తీద్దామని మీ ఇంట్లో జాడీ మీద చెయ్యి వేస్తే, మూత మీది అచ్చుకి అదే విరిగిన ఈక.

అప్పుడే నీకు రాశాను. నువ్వు చించెయ్యమన్నావు. చించలేదమ్మా. నీ ఉత్తరం అందాక వచ్చిన ఆదివారం అచ్చుకి పట్టిన నూనె జిడ్డంతా కుంకుడు రసంతో తోమి, గుడ్డలో చుట్టుకుని మళ్లీ వెళ్లాను. గుంటలో మిగిలిన రంగు మెత్తగా గీకి, అచ్చు పెట్టి చూశాను. డబ్బాకి మూత పట్టినట్టు కూర్చుంది. ఫర్జానా ప్రశ్నలు ఆపేసి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఒక్క చిలక మాత్రం వరసలో లేదు. మిగతా వాటికంటే కిందగా, తలకిందులుగా, ఒకవైపు లోతుగా దిగి రెండోవైపు అసలు పడనే లేదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అలా వేస్తారు, బలమంతా బొటనవేలి పక్కనే పెట్టేస్తారు. నాన్న చేతి కింద అలాంటి అచ్చు ఏనాడూ పడలేదు. మరి అది ఎవరు వేశారు?

యలమందని అడిగితే, "నాకేం తెలుసు, ధనమ్మనడగండి" అని ఆసుపత్రి వెనక ఇల్లు చూపించాడు. ధనమ్మ అక్కడ ఆయాగా చేసిందట. ఇప్పుడు మనవడి దగ్గర ఉంటోంది. నేను పెడన అనగానే కళ్లజోడు సర్దుకుని నన్ను పరీక్షగా చూసింది.

"పెడన నించి ఒకాయన ఉన్నాడమ్మా. పొడుగ్గా, చేతులు నల్లగా. ఏంటయ్యా ఆ చేతులు, కడుక్కోవా అని కేకలేశా మొదట్రోజు. కడిగితే పోయేదయితే మాకు కూడెట్టా వస్తదండీ అన్నాడు. అద్దకం పని చేస్తాడంట."

"ఆయన మా నాన్నే మామ్మా."

"అయ్యో, మీ నాన్నా! ఆ పిల్ల కిటికీ పక్క మంచం. ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం అని ఒకటే పోరు. మా డాక్టరమ్మేమో కదపొద్దంది. అప్పుడే గాలివానకి పెచ్చులూడాయని మేస్త్రి ఆ గోడకి సున్నం కొత్తగా పూస్తన్నాడు. మీ నాన్న సంచీలోంచి చెక్క ముక్క తీసి పచ్చి గోడకేసి నొక్కడం మొదలెట్టాడు. మేస్త్రి లబోదిబో. సిస్టరమ్మ వచ్చింది, తిడతదనుకున్నాం. పిల్ల మొహం చూసి, ఆ ముక్క వదిలేసి మిగతాది పుయ్యి అంది మేస్త్రితో. తర్వాత రంగులేసేటప్పుడు కూడా ఎవళ్లూ గీకలేదమ్మా వాటిని."

ఆ వంకర చిలక గురించి అడిగాను. "అది నాకు తెలవదు. మీ నాన్ననే అడుగు. ఉన్నాడుగా?" అంది.

ఉన్నాడు. ఎదురు వీధిలోనే ఉన్నాడు, నేను పంపిన చారు తాగుతూ. కానీ అడగొద్దని నువ్వు రాశావు. బయటికొస్తుంటే యలమంద చెప్పాడు, దీపావళి వెళ్లగానే పెంకులు దింపుతారట, ఆ తర్వాత గోడలకి ఒక పూట చాలట. అమ్మా, నేను చాలా ఆలోచించాను. నీ మాట వింటే ఆ చిలక ఎవరిదో ఎప్పటికీ తెలియదు. వినకపోతే నాన్నకి ఏమవుతుందో, ఆయన గుండె అసలే అంతంత మాత్రం. నీకు నా మీద ఎంత కోపం వస్తుందో కూడా తెలుసు. స్టూడియోలో ఒక పెళ్లికొడుకుని ఎడం పక్కకి తిరగమని చెప్పి, నేను కుడి పక్కకి లైటు పెట్టుకున్నాను, అంత పరధ్యానం.

ఇప్పుడు తిట్టాల్సిన చోటు వచ్చింది. ఫోటో చూపించొద్దన్నావు. ఒట్టు, చూపించలేదు. గోడే చూపించాను.

పోయిన గురువారం నాన్నని కంటి డాక్టరుకి చూపిద్దామని చెప్పి గుడివాడ బయల్దేరదీశాను. నిజంగానే చూపించాను, ఆయనా ఆపరేషనే అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బంటుమిల్లి దారి పట్టాను. కాలవ మలుపు తిరగ్గానే నా భుజం మీద నాన్న చెయ్యి బిగిసింది. బండి ఆపి, "వెనక్కి తిప్పమంటావా నాన్నా?" అని అడిగాను. కాలవ వైపు తిరిగి, "పోనియ్" అన్నాడు.

యలమంద నమస్కారం పెడితే కూడా చూడలేదు. నేను దారి చూపించక్కర్లేకపోయింది. ఆ మసక కళ్లతో వరండా చివరిదాకా తనే నడిచి, కిటికీ దగ్గర నేల మీద కూలబడ్డాడు. నేను పరుగెత్తాను, పడిపోయాడనుకుని. కాదు, కూర్చున్నాడు. అరచెయ్యి గోడ మీద పెట్టి ఒక్కో చిలకనీ తడుముతూ వెళ్లాడు. ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మీ అమ్మ చూళ్లేదే" అన్నాడు. ఇంకో చిలక మీదికి చెయ్యి జరిపి మళ్లీ, "మీ అమ్మ చూళ్లేదు" అన్నాడు.

నాకు ఏడుపాగలేదు. ఆయన మాత్రం ఏడవలేదు. నీళ్ల సీసా ఇస్తే రెండు గుక్కలు తాగి తనే చెప్పడం మొదలుపెట్టాడు.

"మన పాకలో బల్ల పక్కన కూచుని అచ్చులందిచ్చేది. నాకు ఏది కావాలో అడక్కుండానే ఇచ్చేది. ఇక్కడ పండుకుంటే ఏముంది దానికి, తెల్ల గోడ. చిలకలు చూడాలంది. ఇంటికెళ్లి ఈ అచ్చు సంచీలో ఏసుకొచ్చా. గోడ పచ్చిగా ఉండబట్టి పడినియ్యి. ఒక్కోటి పడినప్పుడల్లా చేత్తో తడిమి చూసుకునేది. తోక ఈక మొదటి చిలక పడకముందే విరిగింది, మేస్త్రితో పెనుగులాటలో."

"మరి ఇదెవరు వేశారు నాన్నా?" అని ఆయన వేలు పట్టుకుని వంకర చిలక మీద పెట్టాను.

లోతుగా దిగిన వైపంతా వేలితో తడిమాడు.

"అది నేనేసింది కాదు. తనే ఏస్తానంది. చెయ్యి పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. లేపి కూచోబెట్టా. ఒక పక్కే పడింది. పడలేదని ఏడుస్తదేమో అనుకున్నా, నవ్వింది. ఎవరికే ఇది అంటే, అమ్మకి అంది. అమ్మ కొత్త చీరకి అంచంట. రేపు చెల్లికి ఒకటేస్తానంది. మర్నాటికి గోడ ఆరిపోయింది."

ఆ చెల్లిని నేనే కదమ్మా. ఇంత వయసొచ్చాక, ఎవరో నా కోసం ఒక చిలక వేద్దామనుకున్నారని తెలిస్తే ఎలా ఉంటుందో నీకు రాయలేను. సంతోషమో దుఃఖమో కూడా చెప్పలేను. అక్కడే నేల మీద ఆయన పక్కన కూర్చుండిపోయాను.

"అమ్మ ఎందుకు రాలేదని అడిగేదా నాన్నా?" అన్నాను. ఈ ప్రశ్న నీ కోసమే అడిగాను. నీ ఉత్తరం చివర "నేను వెళ్లలేదు కదా" అని రాసి కొట్టేసిన మాట నాకు కనపడింది.

"ఎందుకడగదు? చెల్లికి పాలివ్వాలి, అమ్మ లేకపోతే అది ఏడుస్తది అని చెప్పా. అయితే రావొద్దులే అంది. పెద్దదాన్లా అంది. మీ నానమ్మ పచ్చి బాలింత గుమ్మం దాటకూడదని పట్టుబట్టింది, అందులో మీ అమ్మ తప్పేముంది?"

"ఆ మాట అమ్మతో అన్నావా?"

"ఏమని అంటానే? బందరు తీసుకెళ్దామంది మీ అమ్మ. ఇక్కడ డాక్టరమ్మది మంచి హస్తవాసని నేనే ఇటు తెచ్చా. తెచ్చి, వట్టి చేతుల్తో ఇంటికొచ్చా. నా మాటిన్నందుకే పిల్ల పోయిందని ఆవిడ మనసులో ఉంటది. ఆవిడ తిడితే బాగుండేది, తిట్టలేదు. ఇంక నేనే మొహం పెట్టుకుని చిలకల సంగతి చెప్పను?"

అమ్మా, నాకు మీ ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. నువ్వు వెళ్లలేదని ఆయన మనసులో పెట్టుకున్నాడని నువ్వు. బందరు తీసుకెళ్లలేదని నువ్వు మనసులో పెట్టుకున్నావని ఆయన. ఒకే ఇంట్లో, ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి, ఇన్నేళ్లు లక్షల చిలకలు అద్దారు, ఒక్కళ్లయినా నోరు విప్పారా? పైగా ఆ అచ్చుని నువ్వు ఆవకాయ మీద బరువుకి పెడుతుంటే ఆయన రోజూ చూస్తూ ఊరుకున్నాడు. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంటే, "రోజూ మీ అమ్మ చెయ్యి పడేది కదా దాని మీద" అన్నాడు.

తర్వాత ధనమ్మ వచ్చింది. నాన్నని చూసి, "ఇంకా చేతులు కడుక్కోలేదేంటయ్యా" అంది. అప్పుడు ఏడ్చాడమ్మా నాన్న. నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చాడు. దగ్గు తెర కూడా వచ్చింది. మంచినీళ్లు తాగించి, వరండాలో చాప వేసి పడుకోబెట్టింది. లేచాక తేలిగ్గానే ఉన్నాడు. ఇంటికొచ్చి పెరుగన్నం అడిగి మరీ తిన్నాడు. అంచేత నేను భయపడ్డట్టు ఏమీ కాలేదు. మాత్ర కూడా వేసుకున్నాడు.

ఆ గోడ ముక్క కోసి ఇంటికి తెచ్చేద్దామని ఫర్జానా పట్టుదల. యలమంద వద్దనలేదు. గుడివాడ నుంచి ఒక మేస్త్రిని తీసుకెళ్లి చూపించాం. గోడ తట్టి చూసి పెదవి విరిచాడు, పాత సున్నం, కోత పెడితే పొడైపోతుందన్నాడు. ఫోటోలు తీశాను, పొద్దుటి ఎండలో, సాయంత్రపు ఎండలో, టార్చి లైటు పెట్టి. నా జీవితంలో ఇంత మంచి ఫోటోలు తియ్యలేదు. నాన్నకి వివరించి చెప్తే, "ఫోటోలో గుంట తెలవదు. మీ అమ్మ చెయ్యెట్టి చూడాల" అన్నాడు. ఫోటోలు తీసి బతికేదాన్ని, నా మొహం మీదే అన్నాడు. కానీ నిజమే అన్నాడు.

అందుకని నువ్వు రావాలి. దీపావళి లోపల రావాలి.

నువ్వేమంటావో నాకు తెలుసు. ఇంట్లో పురుడు, చంటిది, మరదలికి వేడినీళ్లు ఎవరు పోస్తారు, నెల తిరగకుండా ఎలా కదులుతాను. మరదలితో నిన్న ఫోన్లో మాట్లాడాను. అంతా చెప్పాను, చెప్పినందుకు కూడా తిట్టు. అది అంతా విన్నది. ఆ తర్వాత, "అత్తయ్యని నేనే రైలెక్కిస్తాను వదినా, మా పిన్నిని రమ్మంటాను, నీళ్లు ఆవిడ పోస్తుంది" అంది. ఆనంద్ టికెట్ తీశాడు, పై బెర్తు కాకుండా చూడమన్నాను. ప్లాట్‌ఫారం మీద జనాన్ని చూస్తేనే తల తిరుగుతుందనే మన నాన్న బెజవాడ స్టేషన్‌కి తనే వస్తానంటున్నాడు. ఏ చొక్కా వేసుకోవాలని ఇవాళ్టికి రెండుసార్లు అడిగాడు. వస్తే ఏం మాట్లాడాలో అని భయపడుతున్నాడు గానీ పైకి చెప్పడు. నువ్వు కూడా ఏమీ మాట్లాడక్కర్లేదు. ఇద్దరూ గోడ దగ్గర కూర్చోండి, నేను బయట యలమందకి ఇంకో ఫోటో తీస్తాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ రోజుల్లో నిన్ను గుమ్మం దాటనివ్వనిది నానమ్మ ఒక్కతే కాదు, నేను కూడా. నా పాల కోసమే నువ్వు ఆగిపోయావు. అక్క రావొద్దులే అన్నదీ నేను ఏడవకూడదనే. ఇది తెలిసిన దగ్గర్నుంచి రాత్రిపూట లేచి ఆ అచ్చు తడుముతున్నాను. నా తప్పు కాదని మీ అల్లుడు అంటున్నాడు, నాకూ తెలుసు, అయినా తడుముతున్నాను. ఇప్పుడు నేను పాలు మాని చాలా ఏళ్లయిందమ్మా. ఏడవను. బండికి పెట్రోలు కూడా కొట్టించి ఉంచాను. వెనక కూర్చుంటే చాలు, నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
నీ రెండో కూతురు,
రజని.